అండీ అనేలోగా

మైకత్త దుప్పటి అంచు పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించేసరికి, అవతలి మూల పట్టుకున్న కొత్తమ్మాయి తూలిపోయింది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే షెడ్డు అది. తడి దుప్పటిని చెరో మూలా పట్టుకుని వేడి రోలరులోకి పంపడం ఇద్దరి పని. రోలరును ఆపే పెడలు మాత్రం మైకత్త కాలికిందే ఉంటుంది. యంత్రాల హోరుకు అందరూ చెవుల్లో దూది ఉండలు పెట్టుకుంటారు, ఎవరి మాట వాళ్లకే వినపడదు. అందుకే అక్కడ “లాగు”, “వదులు”, “తొక్కు” అంతే. వరసల్లేవు, చిన్నా పెద్దా లేదు. సూపర్‌వైజరు అడ్డొచ్చినా “తప్పుకో!” అనే అరుస్తారు. ఆయనా నోరెత్తకుండా తప్పుకుంటాడు.

కొత్తమ్మాయి అంతకుముందు బట్టల షాపు కౌంటర్లో చేసింది. అక్కడ అండీ మరిచిపోతే యజమాని అందరి ముందూ కడిగేసేవాడట. ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? పొద్దున తన వైపు గుడ్డ ముద్దకట్టడం చూసి, “అత్తయ్యగారూ, ఏమీ అనుకోకండి, కాస్త ఆపుతారా అండీ” అంది. ఆ మాట పూర్తయ్యేసరికి దుప్పటి మాడి కంపు కొట్టింది.

“నీ మర్యాద తగలెయ్య! తొక్కు అని అరవలేవుటే?”

“పెద్దవాళ్లని అలా ఎలా అంటానండీ?”

మైకత్త మాడిన చోటును వేలితో తడిమింది. ఇవాళ్టితో ఆమె రిటైరవుతోంది. ఇవాళ గుడ్డ మాడింది, రేపు ఈ పిల్ల చెయ్యి మాడితే? తన ముంజేతి మీదా ఒక కాలిన మచ్చ ఉంది. చేరిన కొత్తలో “వదినగారూ” అంటూ నాన్చినందుకు పడింది. ఆ తరవాతే గొంతు మైకులా పెరిగి ఈ పేరొచ్చింది, మాట పొట్టిదైంది. “అమ్మా, నేను పక్కనే ఉన్నాను, వీధికంతా చెబుతున్నావా?” అని ఇంట్లో కొడుకు విసుక్కుంటాడు. విసుక్కోనీ! ఆ గొంతు వల్లే కదా పది వేళ్లతో వాడికి అన్నం పెట్టింది.

భోజనాల వేళ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

“నన్ను తిట్టు. ముసలీ అను.”

“అమ్మో! నావల్ల కాదండీ!” అని ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు తప్ప తిట్టు రాలేదు.

మధ్యాహ్నం ఒక చిరుగుల దుప్పటి వచ్చింది. ఆ చిరుగులో కొత్తమ్మాయి చొక్కా చేతి గుండీ ఇరుక్కుంది. గుడ్డతో పాటు చెయ్యీ రోలరు వైపు సాగింది.

“తొక్కవే ముసలీ!”

షెడ్డంతా అదిరింది. మైకత్త కాలు దానంతటదే పడింది. వేళ్లు రోలరుకు బెత్తెడు దూరంలో ఆగాయి. చెయ్యి విడిపించుకుని ఆ పిల్ల భోరుమంది.

“అయ్యో, ఎంత మాట అనేశానండీ!”

“ఏడిశావులే. రేపు ఇక్కడ ఎవరు నిలబడ్డా ఇలాగే అరువు. మళ్లీ అండీ అన్నావో, చెంప పగలగొడతాను!” అంటూ మైకత్త ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసింది. ప్రాణం కుదుటపడింది.

సాయంత్రం యంత్రాలు ఆగాయి. రోజూ “ఏయ్ మైకూ” అనే సూపర్‌వైజరు గుమ్మం దాకా వచ్చి, “వెళ్లిరండమ్మా, ఆరోగ్యం చూసుకోండి” అన్నాడు. ఆ మర్యాదకు ఆమె మనసు చివుక్కుమంది. అప్పుడే పరాయిదాన్నైపోయానా అనుకుంది. చెవుల్లోంచి దూది తీసి కిటికీ గట్టున పెట్టి, మెట్లు దిగింది.

వెనకనుంచి కొత్తమ్మాయి గొంతు చించుకుని అరిచింది.

“చూసుకుని నడువే ముసలీ!”

మైకత్త వెనక్కి తిరక్కుండానే చెయ్యి పైకెత్తి, నవ్వుకుంటూ వీధిలో కలిసిపోయింది. గట్టు మీద రెండు దూది ఉండలు, ఆమె చెవుల ఆకారంలోనే నొక్కుకుని ఉన్నాయి.