మబ్బుల్ని తరిమినోడు

మోటారు కట్టేసి, పైపు చుట్టి, సెల్లారులో నిలిచిన నీళ్లను భద్రయ్య చీపురుతో కాలువలోకి తోస్తున్నాడు. అరవై దాటిన మనిషి. ఎండకు నల్లబడి బిగుసుకున్న ఒళ్లు, ఎడమ కంట్లో సన్నని పొర. ఖాకీ చొక్కా గుండీలన్నీ మెడదాకా పెట్టుకుంటాడు. మల్కాజ్‌గిరిలోని ఆ అపార్ట్‌మెంటుకు కాపలాగా వచ్చినప్పటి నుంచీ మెట్ల కింది గదిలోనే ఆయన మకాం.

రెండో అంతస్తులో ఉండే మేబెల్ టీచరు బడికి పోతూ ఆగింది. ఆ గదికి ఫ్యాన్ పెట్టించింది ఆమే.

"ఈ ఉక్కల ఎట్ల పంటున్నవ్ భద్రయ్యా? జెర ఫ్యాన్ వేస్కోరాదు?"

"అలవాటు లేదు టీచరమ్మా."

అలవాటు సంగతి కాదు. ఫ్యాన్ వేస్తే బల్బు వెలుగులో గోడ మీద రెక్కల నీడ తిరుగుతుంది. అది చూస్తే ఆయన కాళ్లు వాటంతటవే ముడుచుకుపోతాయి.

అనంతపురం జిల్లాలోని భద్రయ్య సొంతూరి కొండ మీదికి గాలిమరలు వచ్చినప్పుడు ఊరంతా మురిసిపోయింది. కొండకు తారురోడ్డు పడింది. మొదటి మర తిరిగిన రోజు ఆడవాళ్లు దాని మొదలుకు పసుపు పూసి కొబ్బరికాయలు కొట్టారు. చుట్టాలొస్తే వెంటబెట్టుకెళ్లి చూపించేవాళ్లు. భద్రయ్యకు అక్కడే కాపలా పని దొరికింది. సాయంత్రమైతే రెక్కల నీడలు ఒకదాని వెనక ఒకటి ఆయన ఇంటి ముంగిట్లోకి వచ్చి, భార్య ఓబులమ్మ చేటలో చెరుగుతున్న గింజల మీదుగా పాకి, గోడెక్కి పోయేవి.

"ఇది మనింట్లో ఎవర్నో ఎతుకుతాంది" అనేదామె, నవ్వుతూనే.

తర్వాత వానలు ముఖం చాటేశాయి. మబ్బు కొండదాకా వచ్చి చెదిరిపోయేది. చెరువు నెర్రెలిచ్చింది. వేరుశనగ మొలకల్లోనే మాడిపోయింది. రెక్కలు మబ్బుల్ని తరిమేస్తున్నాయని మొదట ఎవరన్నారో గానీ, కొన్నాళ్లకు ఆ మాట అనని నోరు లేదు. అంతెత్తు మరల్ని ఏమీ చేయలేక కాపలావాడి మీద పడ్డారు. 'మబ్బుల్ని తరిమినోడు' అని పేరు పెట్టారు. పని మానేస్తే పొయ్యి వెలగదు.

ఒక మిట్టమధ్యాహ్నం పొరుగింటి సదాశివ తన బావి దగ్గర ఓబులమ్మ చేతిలోని చేద లాక్కున్నాడు. "మీ ఆయప్ప వానల్ని తరుముతాంటే నీకు నీళ్లెందుకు?" అన్నాడు. ఆమె ఖాళీ బిందెతో దూరంగా ఉన్న బోరుకు బయల్దేరింది. ఎండకు దారిలోనే కూలిపోయింది. కొండ మీద నుంచి భద్రయ్య అది చూశాడు. ఎవరో పడ్డారనుకున్నాడు. చీర రంగు గుర్తుపట్టి పరుగెత్తేసరికి ప్రాణం లేదు. వెనక రెక్కలు హుష్షు హుష్షుమని తిరుగుతూనే ఉన్నాయి. ఆ చప్పుడు ఆయన వెంట సికింద్రాబాద్ దాకా రైలెక్కి వచ్చింది. బస్సు వెళ్లినా, పైన ఎవరైనా దుప్పటి దులిపినా, అదే.

మధ్యాహ్నానికి ఎండ తగ్గి మబ్బు పట్టింది. గేటు దగ్గర ఎవరో నిలబడ్డారు. తల నెరిసినా భద్రయ్య పోల్చుకున్నాడు. సదాశివ.

"ఆస్పత్రి పని మీద వచ్చినా మామా. నిన్ను చూడకుండా పోబుద్ధి కాలేదు."

భద్రయ్య వీధి చివరి కొట్టు నుంచి రెండు గ్లాసుల టీ తెచ్చాడు. ఇద్దరూ గేటు పక్క అరుగు మీద కూర్చున్నారు. సదాశివ గబగబా తాగేశాడు.

"ఊర్లో వానలు పడినాయి మామా. పోయినేడూ పడినాయి, ఈయేడూ పడినాయి. చెరువు అలుగు పారింది."

"కొండ మీది ఫ్యాన్లు పీకేసినారా?"

"లేదు, తిరుగుతానే ఉండాయి. కొత్తవి గూడా పెట్టినారు. ఇప్పుడెవురూ ఏమీ అనరు. వాటి కిందనే గొర్రెలు మేపుకుంటారు." ఖాళీ గ్లాసు కింద పెట్టాడు. "తప్పు నాదే మామా. ఊరికొచ్చేయ్."



"నేనూ నమ్మినా సదాశివా" అన్నాడు భద్రయ్య. "కొండ మీద కూచోని, మబ్బు ఇరిగిపోయేది కండ్లారా చూసినా. మీరనేది నిజమే అనుకుంటి. నా పాపమే నా పెండ్లానికి తగిలింది అనుకుంటి. అందుకే మిమ్మల్నెవుర్నీ ఒక్క మాటనలే."

సదాశివ తలొంచుకున్నాడు.

"ఫ్యాన్లు తిరుగుతాండంగానే వాన పడిందంటే, మరి ఓబులమ్మ దేనికి పోయినట్లప్పా?"

సదాశివ ఆయన కాళ్లు ముట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ, మొదటి చినుకుల్లోనే బస్టాపు వైపు వెళ్లిపోయాడు.

భద్రయ్య అక్కడే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వాన పెద్దదైంది. ఖాకీ చొక్కా నల్లగా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

బడి నుంచి వచ్చిన మేబెల్ టీచరు గేటు తీస్తూ చూసింది. "తడుస్తున్నవ్ భద్రయ్యా, లోపలికి పో" అంది. ఆయన కదల్లేదు. కళ్లు సగం తెరిచే ఉన్నాయి. గొడుగు ఆయన మీదికి వంచి భుజం మీద చెయ్యి వేసింది. ఊపిరి ఆడటం లేదు. వెంటనే చెయ్యి తీసేసి, పై అంతస్తుల వాళ్లను కేకేసింది.

నలుగురూ కలిసి ఆయన్ను లోపలికి మోసుకెళ్లారు. అరుగు మీద ముట్టుకోని టీ గ్లాసు, వాన పడి పడి రంగు వెలిసి, అంచుదాకా నిండి పొర్లుతూ ఉంది.