పెదవి దాటిన ఇంగ్లీషు

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. మా ఇబ్రహీంపట్నంలో నడిరోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పూ చేస్తున్నారు. మా అత్త కొమురవ్వ అక్కడినుంచి అప్పుడే ఇంటికొచ్చింది. అంతలో దుబాయి నుంచి జలపతి ఫోన్ చేశాడు. నా భర్త ఓదెలుతో ఒకే గదిలో ఉంటాడు అతను.

"వదినా, అన్న పనికాడ పైకెల్లి పడ్డడు. తెలివి లేదు. దవాఖానోళ్లు ఇంటోళ్లతోనే మాట్లాడుతరట. నంబరిస్తున్న, ఇంగ్లీషుల మాట్లాడాలె."

నంబరు రాసుకున్నాను. ఇంగ్లీషు వచ్చిన జనార్దన్ సారు ఉండేది కోరుట్లలో. బస్సుల్లేవు, ఆయన ఫోన్ ఎత్తడం లేదు.

"డిగ్రీ సదివినవు గదనే, నువ్వే మాట్లాడు," అంది అత్త.

చదివాను, ఏం లాభం? పరీక్షల్లో పేజీలు నింపిన ఇంగ్లీషు ఏనాడూ నా పెదవి దాటలేదు. క్లాసులో ఒక్కసారి లేచి మాట్లాడితే అందరూ నవ్వారు, మళ్లీ లేవలేదు. ఇప్పుడు నేనొకటి అని వాళ్లొకటి అనుకుంటే మనిషే దక్కడేమోనని భయం.

నంబరు కలిపాను. ఒక ఆడగొంతు గబగబా ఏదో అడిగింది. "సారీ" అని పెట్టేశాను.

"నోట్లె నాలుక లేదా? మళ్ల కలుపు," అని కసిరి, కలపగానే అత్త ఫోన్ లాక్కుంది. "అవ్వా, నేను ఓదెలు తల్లిని. నా కొడుకు పానంతోని ఉన్నడా?"

అచ్చ తెలుగు. నాకు సిగ్గేసింది, ఆమెకు మాత్రం వెయ్యలేదు. విచిత్రమేమిటంటే అవతలి మనిషి పెట్టెయ్యలేదు. "ఓదెలు? ఓదెలు?" అంటూ ఆగింది.

ఫోన్ తీసుకున్నాను. "ఐ వైఫ్. ఓదెలు వైఫ్. ప్లీజ్ స్లో," అన్నాను. గ్రామరు గంగలో కలిసింది. పోనీ, కలవనీ. ఆమె ఒక్కో మాటా విడదీసి చెప్పింది. అంతా అర్థమైంది. అర్థం కాకపోయినా బాగుండేది. కుడికాలు నుజ్జయిందట, విషం ఒంట్లోకి ఎక్కుతోందట. కాలు తీసెయ్యకపోతే బతకడట. ఇంటివాళ్లు సరే అనాలట.

నమ్మలేక మళ్లీ చెప్పించుకున్నాను. అదే చెప్పింది.

"ఎస్," అన్నాను. "కట్. సేవ్ హిమ్."

అత్త నా గడ్డం పట్టుకుంది. ఆమె కళ్లు మెరుస్తున్నాయి. "ఎంత మంచిగ మాట్లాడినవు బిడ్డా. ఏమన్నది? మంచిగనే ఉన్నడట గదా?"

నోరు తెరిచాను. తెలుగులో ఒక్క మాటా రాలేదు.