ఇరవై గుండ్ల పెట్టె

సోమవారం మధ్యాహ్నం భోజనాల గంటకు కాస్త ముందు, శిశు తరగతి గదిలో ఐదేళ్ల పాప ఒకతి రెండు అయస్కాంతపు గుండ్లు మింగింది. ఆ సంగతి బుధవారం దాకా పెద్దవాళ్లెవరికీ తెలియదు.

పాపను బడిలో అందరూ పిచ్చుక అనేవారు. తిండి గింజంత, మాటలు గంపెడు. తండ్రిది సైకిళ్లు బాగుచేసే షాపు. తల్లి ఇంట్లోనే బట్టలు కుట్టేది.

గుండ్లు టీచరు సొంతంగా కొని తెచ్చినవి. బడి బీరువాలో గుర్రపునాడా అయస్కాంతం ఒకటి ఉండేది. పిల్లల చేతుల్లో పడీ పడీ గుండుసూదిని కూడా లేపలేని స్థితికి వచ్చింది. సూదంటురాయి అని పేరే గానీ దీనికి సూదంటే గిట్టదని, పిల్లల్ని చూసుకునే ఆయమ్మ వేళాకోళమాడేది. కొత్త పెట్టెలో బఠాణీ గింజంత గుండ్లు ఇరవై ఉన్నాయి. పద్నాలుగేళ్లు దాటినవారికి మాత్రమే అని మూత మీద చిన్న అక్షరాల్లో ఉంది. టీచరు అది చదివింది. తను పక్కనే ఉంటుంది కదా అనుకుంది.

సోమవారం పాఠం బొమ్మల పుస్తకంతో మొదలైంది. అందులో ఒక అయస్కాంతం ఇల్లంతా తిరుగుతూ మేకునూ తాళంచెవినీ పలకరిస్తుంది. అవి పరిగెత్తుకొచ్చి అతుక్కుంటాయి. చెక్క గరిటె మాత్రం మొహం తిప్పుకుంటుంది. పుస్తకం అయ్యాక, ఇంటి నుంచి తెచ్చుకున్న వస్తువులు తీయమంది టీచరు. అంటుకుంటుందనుకున్న వస్తువు ఒకటి తెమ్మని శనివారమే చెప్పింది. ఒకడు బొత్తాం తెచ్చాడు, ఒకతి వాళ్ల నానమ్మ కళ్లజోడు పట్టుకొచ్చింది. పిచ్చుక చేతిరుమాలులో మూట కట్టి నాన్న షాపులోని, సైకిల్ చక్రాల్లో వేసే ఇనప బాల్సు గుప్పెడు తెచ్చింది. అవీ బఠాణీ గింజంతే. అవీ అలాగే మెరిసేవి.

తరువాత టీచరు పదిమందికీ తలా రెండు గుండ్లు పంచింది. మధ్యలో కాగితం పెట్టినా, గుడ్డ పెట్టినా పట్టు వదలదని చూపించింది. అరచేతి మీద ఒకటి, అరచేతి కింద ఒకటి పెట్టి చేయి తిప్పింది. రెండూ పడలేదు. పిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు. బుగ్గకి కూడా ఇలాగే అంటుకుంటాయా అని పిచ్చుక అడిగింది. కళ్లజోడు కోసం కొట్టుకుంటున్న ఇద్దరిని విడదీస్తున్న టీచరు అటు తిరక్కుండానే, దేనికైనా అంటుకుంటాయని చెప్పింది.

గుండ్లు ఒకదాన్నొకటి కరుచుకుంటాయి కాబట్టి వాటిని చేతిలో లెక్కపెట్టడం కుదరదు. పెట్టె అడుగున ఇనపరేకు ఉంది. వరుసకు ఐదు చొప్పున నాలుగు వరుసలు పేరిస్తే పెట్టె నిండుతుంది. వరుసలో ఖాళీ లేకపోతే లెక్క సరిపోయినట్టే. టీచరు లెక్క ఎప్పుడూ అదే. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఆమె చేతిలో రెండేసి గుండ్లు వేశారు. పిచ్చుక కూడా రెండు వేసింది. టీచరు పేర్చింది. ఖాళీ మిగల్లేదు.

మంగళవారం పిచ్చుక బడికి రాలేదు. పదిన్నరకు తల్లి ఫోన్ చేసింది. రాత్రి నుంచి కడుపునొప్పి అంటోందని, క్లినిక్కుకు తీసుకొచ్చామని చెప్పింది. ఏమైనా మింగిందేమోనని డాక్టర్ అడుగుతున్నాడట. అనుమానం ఉంటే ఎక్స్‌రే తీయిద్దామంటున్నాడట. పిల్లనడిగితే తల అడ్డంగా ఊపుతోందట. మీరేవో సూదంటు గుండ్లు ఆడించారటగా, అవన్నీ ఉన్నాయా అని అడిగింది.

టీచరు ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే బీరువా తీసి పెట్టె చూసింది. నాలుగు వరుసలూ నిండుగా ఉన్నాయి.

"అన్నీ ఉన్నాయమ్మా. నేనే పేర్చాను. మీరు ఆ దిగులు పెట్టుకోకండి."

తల్లి హమ్మయ్య అనుకుంది. డాక్టర్ మందు రాసిచ్చి పంపాడు.

బుధవారం పాఠం నెట్టుకోవడం గురించి. ఒక్కో గుండుకి రెండు మొహాలుంటాయని, ఒక మొహం ఎదురైతే చెలిమి, ఇంకో మొహం ఎదురైతే తగువని టీచరు చెప్పింది. జంటగా కూర్చుని నెట్టించి చూడమంది. గదంతా గోల. కాసేపటికి కళ్లజోడు తెచ్చిన పిల్ల గుండ్లు తెచ్చి టీచరు ముందు పెట్టింది.

"టీచర్, మావి అంటుకోవట్లేదు. నెట్టుకోవట్లేదు కూడా. చచ్చిపోయాయా?"

టీచరు వాటిని బల్ల మీద దగ్గరగా దొర్లించింది. కదలిక లేదు. తిప్పి పెట్టింది. లేదు. పక్క జంట దగ్గరి గుండు తెచ్చి పెడితే రెండూ దానికి వెళ్లి అతుక్కున్నాయి. ఇనుము అయస్కాంతానికి అంటుకుంటుంది. నెట్టడం మాత్రం ఇనుముకి చేతకాదు. నెట్టేదే అయస్కాంతం. పిల్లలకు ఆరోజు చెప్పబోతున్నది అదే.

ఆమె పిచ్చుక కూర్చునే చోటు వైపు చూసింది. ఖాళీగా ఉంది. సోమవారం పాప చేతిరుమాలులో మెరిసిన బాల్సు గుర్తొచ్చి ఫోన్ అందుకుంది.

తల్లి ఫోన్ ఎత్తలేదు. షాపుకు చేస్తే పక్క కొట్టువాడు ఎత్తాడు. తెల్లవారినప్పటి నుంచి పాపకు పచ్చటి వాంతులని, పెద్దాసుపత్రికి తీసుకెళ్లారని చెప్పాడు. టీచరు హెడ్‌మేడమ్ గదిలోకి వెళ్లి ఉన్న విషయం చెప్పింది. హెడ్‌మేడమ్ తలుపు దగ్గరికి వేసింది. కంగారు పడొద్దని, ముందు యాజమాన్యంతో మాట్లాడతానని, అంతవరకూ ఎవరికీ ఏమీ చెప్పొద్దని అంది. ఆసుపత్రిలో డాక్టర్లు ఉన్నారు కదా అంది.

"వాళ్లు అడగని మాట నువ్వెందుకు నెత్తినేసుకుంటావు? ఉద్యోగం ఉండాలా, వద్దా?"

టీచరు తరగతి గదికి తిరిగి వెళ్లింది. పిల్లల్ని ఆయమ్మకు అప్పగించి ఆటో ఎక్కింది. ఆ రెండు ఇనప గుండ్లూ గుప్పిట్లో ఉన్నాయి.

పిల్లల వార్డు మొదటి అంతస్తులో ఉంది. కిటికీ దగ్గర పిచ్చుక తండ్రి ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు ఎత్తి పట్టుకుని ఉన్నాడు. ఫిల్ములో పొట్ట దగ్గర రెండు తెల్లటి చుక్కలు పక్కపక్కన కనిపించాయి. టీచర్ని చూడగానే అతను తప్పు తనదే అన్నట్టు మాట్లాడటం మొదలుపెట్టాడు. అవి తమ షాపువేనని, వెనకచక్రం ఇరుసులో వేసేవని, చూడగానే గుర్తుపట్టానని అన్నాడు. నాన్న బాల్సు మింగావా అంటే పాప తలూపిందట. సొరుగుకి తాళం వేయనందుకు ఇంట్లో తనకు చీవాట్లు పడుతున్నాయట. నునుపుగా ఉండే ఇనప గుండ్లు కాబట్టి వాటంతటవే బయటికొచ్చేస్తాయని డాక్టర్ అన్నాడట. వాంతులకు సెలైన్ పెట్టారు. రేపు మళ్లీ ఎక్స్‌రే తీస్తారు.

"బడిలో వస్తువులు అన్నీ ఉన్నాయని మీరు ఫోన్లో చెప్పారు కాబట్టి సరిపోయింది మేడమ్. లేకపోతే మిమ్మల్ని అనుమానించేవాళ్లం" అన్నాడు.

తల్లి మంచం పక్కన కూర్చుని పాప కాళ్లు రాస్తోంది. తలెత్తలేదు.

టీచరు గుప్పిట విప్పింది.

"మీవి ఇవి. పెట్టెలో దొరికాయి. పాప పొట్టలో ఉన్నవి అయస్కాంతాలు."

తండ్రి ఆ గుండ్లలో ఒకటి తీసుకుని వేళ్ల మధ్య దొర్లించి చూశాడు. రెండోదీ చూశాడు.

"లెక్క సరిపోయిందన్నారు కదా."

"తప్పు చెప్పానండీ."

"ఒక పగలూ ఒక రాత్రీ పోయాయి" అన్నాడు. అరవలేదు. ఫిల్ము చుట్టబోయి చుట్టలేక మంచం మీద పెట్టేశాడు.

డ్యూటీ డాక్టర్ వచ్చాడు. టీచరు మళ్లీ మొదటి నుంచి చెప్పింది. అయస్కాంతాలని ఖాయమేనా అని అతను రెండుసార్లు అడిగాడు. ఖాయమే అంది. మింగిన అయస్కాంతాలు పేగుల్లో వేరువేరు మడతల్లో ఉంటే, వాటి గోడల మీదుగా ఒకదాన్నొకటి పట్టుకుని మధ్యలో ఉన్న కండను నొక్కేస్తాయని అతను తల్లిదండ్రులకు చెప్పాడు. రెండూ ఒకేసారి మింగిందా, వేరువేరుగా మింగిందా తెలిస్తే మంచిదన్నాడు. తల్లి వంగి అడిగింది. పాప మొహం గోడ వైపు తిప్పుకుంది. టీచరు మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"పిచ్చుకా, నేను తిట్టను. ఎలా వెళ్లాయమ్మా లోపలికి?"

పాప తల్లి వైపు చూసి, టీచరు వైపు చూసి, మెల్లగా చెప్పింది.

"బుగ్గ లోపల ఒకటి పెట్టా, బయట ఒకటి పెట్టా. లోపలిది జారిపోయింది. దాన్ని పట్టుకు రమ్మని రెండోదాన్ని పంపించా. అది కూడా రాలేదు."

మళ్లీ అంది. "నీ రెండూ పోయాయని నా రెండు ఇచ్చేశా టీచర్."

తల్లి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టర్ బయటికి వెళ్లి సర్జన్‌కు ఫోన్ చేశాడు. అరగంటలోపే పాపను ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లారు.

ముగ్గురూ నడవలో బెంచీ మీద కూర్చున్నారు. హెడ్‌మేడమ్ దగ్గర నుంచి టీచరుకు నాలుగు ఫోన్లు వచ్చాయి. ఎత్తలేదు. తండ్రి ఒకసారి లేచి వెళ్లి ముగ్గురికీ టీ తెచ్చాడు. టీచరు చేతికి గ్లాసు ఇచ్చేటప్పుడు ఆమె మొహం చూడలేదు. ఎవరూ తాగలేదు.

సాయంత్రం సర్జన్ బయటికి వచ్చాడు. రెండు గుండ్లూ దొరికాయని చెప్పాడు. పేగు రెండు మడతలు వాటి మధ్య ఇరుక్కున్నాయి. రెండు చోట్ల చిల్లులు పడ్డాయి. జానెడు పేగు తీసేసి కుట్లు వేశారు. చీము కడుపులోకి పాకింది. నిన్ననే తెచ్చి ఉంటే అని తండ్రి అడగబోతే, ఇప్పుడు ఆ మాట అనుకుని లాభం లేదని, రెండు రోజులు గడిస్తే గాని ఏదీ చెప్పలేనని అన్నాడు.

ఆరు గంటలకు పాపను ఐసీయూలోకి మార్చారు. లోపలికి తల్లిని ఒక్కదాన్నే రానిచ్చారు. అప్పటికి పాపకు స్పృహ రాలేదు.