వినపడే చెవి

ఎమ్మెల్యే వీరబాబుకి చావు కబురు కొత్త కాదు. ఉన్న మాట చెప్పుకోవాలంటే, ఆయన రాజకీయమంతా చావు ఇళ్ళ ముంగిళ్ళలోనే పెరిగింది. పత్తి తీత కూలీల ట్రాక్టరు చిలకలూరిపేట రోడ్డు మీద తిరగబడిన ఏడు, పెద్ద నాయకులంతా దండలు వేసి, ఫోటోలు దిగి, కార్లెక్కి చక్కా పోయారు. అప్పటికి ఏ పదవీ లేని వీరబాబు మాత్రం చెప్పులు విడిచి పాడె కింద భుజం పెట్టాడు. ఆ రోజు లేచిన ప్రతి పాడెకీ పెట్టాడు. అది మొదలు నియోజకవర్గంలో ఆయన 'మన వీరబాబు' అయిపోయాడు. ఒకసారి గెలిచాడు, ఒకసారి ఓడాడు, మళ్ళీ గెలిచాడు. గెలిచినా ఓడినా పాడె మాత్రం తప్పించలేదు. కారు డిక్కీలో ఒక మడత పంచె, తువ్వాలు, సబ్బు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. గిట్టనివాళ్ళు 'పాడె ఎమ్మెల్యే' అని నవ్వుకునేవాళ్ళు. నవ్వుకోనీ. భుజం పట్టినవాణ్ణి ఆ ఇంటివాళ్ళు మరిచిపోరు, పోలింగు రోజున అసలే మరిచిపోరు.

అలాంటి మనిషి, జువ్వలపాలెం బాపయ్య పోయాడన్న కబురు విని, తాగుతున్న కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి మళ్ళీ ఎత్తలేకపోయాడు.

"గుండెపోటంటండి. తెల్లారేసరికి మంచంలోనే అయిపోయాడంట," అన్నాడు పీఏ చైతన్యకృష్ణ. "మధ్యాహ్నం తీస్తారంట. మనం వెళ్ళాలి కదండీ?"

వెళ్ళకపోతే ఎందుకు రాలేదని ఊరు అడుగుతుంది. ఊరు అడగడం మొదలుపెడితే ఎక్కడిదాకా పోతుందో వీరబాబుకి తెలుసు. వెళితే ఏమవుతుందో మాత్రం తెలీదు.

ఇంతలో ఎస్సై ఫోను చేశాడు.

"సార్, మీరు చెప్పినట్టే చేశానండి. కొట్టలా, తిట్టలా. బయట రేకుల కింద కూర్చోబెట్టామంతే. నిన్న ఎండ కాస్త ఎక్కువైంది. మీ పేరు నేనెక్కడా బయట పెట్టలేదు సార్."

"పెట్టమాకు," అని కట్ చేశాడు వీరబాబు.

జరిగిందేమిటంటే, వీరబాబు బామ్మర్దికి మిరప నారు పెంచే నర్సరీ ఉంది. ఈ ఏడు అక్కడి నారు వేసిన ప్రతి చేనుదీ ఒకటే తంతు. చెట్టు నడుమెత్తు పెరిగి, పూత రాల్చి, కాయ నిలవకుండా నిలబడిపోయింది. చుట్టుపక్కల ఊళ్ళలో కళ్ళాల నిండా ఎర్రగా కాయలు ఎండుతుంటే, జువ్వలపాలెం కళ్ళాలు ఊడ్చిపెట్టినట్టున్నాయి. బాపయ్య చేనూ అందులో ఒకటి. మొన్న సాయంత్రం ఆయన వీరబాబుకి ఫోన్ చేశాడు. చేశాడనడం కంటే అరిచాడనడం మేలు. ఏళ్ళ తరబడి ఆయిలింజను పక్కన నిలబడి చేలకు నీళ్ళు పెట్టడంతో ఎడమ చెవి పూర్తిగా పోయింది. తనకి వినపడదు గనక ఎదుటివాళ్ళకీ వినపడదనుకునే రకం.

"అబ్బాయ్! రేపు మంత్రిగారొస్తున్నాడుగా! నాలుగు మొక్కలు పీక్కొచ్చి చూపిస్తా! నీ బామ్మర్ది పేరు ఎత్తన్లే! నారు సంగతి తేల్చమంటా, అంతే!"

"వద్దు బాబాయ్, నేను చూసుకుంటాగా."

"ఏందీ? వినపళ్ళా!"

వినపడలేదో, వినదలుచుకోలేదో. మంత్రివర్గంలో మార్పులు రాబోతున్నాయి. జిల్లా నుంచి వీరబాబు పేరు పైదాకా వెళ్ళింది. ఆ పేరుకి తగ్గ మనిషో కాదో చూసిపోదామనే మంత్రిగారు వస్తున్నాడు. ఆయన ముందు కాయలేని మిరప చెట్లు పెట్టుకుని ఒక ముసలాడు కేకలేస్తే ఇంకేమన్నా ఉందా? నిన్న పొద్దున్నే వీరబాబు ఎస్సైకి ఫోన్ చేశాడు. "దార్లో ఆపి స్టేషన్లో కూర్చోబెట్టు. మంత్రిగారు వెళ్ళాక పంపించు. పెద్దాయన, జాగ్రత్త," అన్నాడు. జాగ్రత్త అన్న ఆ ఒక్క మాటని ఇప్పుడు తలుచుకుని తలుచుకుని పట్టుకు వేలాడుతున్నాడు గానీ, అది ఎవరికోసం అన్నాడో ఆయనకే తెలుసు.

నిన్నంతా మంత్రిగారి పక్కన కూర్చుని ఉండగా జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. బాపయ్య బాబాయ్. మళ్ళీ బాపయ్య బాబాయ్. వీరబాబు ఫోన్ తీసి బల్ల మీద బోర్లించి, మంత్రిగారికి కొబ్బరినీళ్ళు అందించాడు. "నీ నియోజకవర్గం ప్రశాంతంగా ఉందయ్యా," అన్నాడు మంత్రిగారు వెళ్తూ వెళ్తూ.

జువ్వలపాలెం దారిలో కారు అద్దంలోంచి పత్తి చేలు చూస్తూ వీరబాబు తన తండ్రి పోయిన రోజు గుర్తు చేసుకున్నాడు. గుర్తు చేసుకోకూడదనుకుంటూనే చేసుకున్నాడు. అది ఆయన ఓడిపోయిన ఏడు. పార్టీవాడు ఒక్కడూ గడప తొక్కలేదు. బాపయ్య సైకిలు మీద వచ్చి, పంచె బిగించి, పాడె ముందు బొంగు పట్టాడు. శ్మశానం నుంచి వచ్చాక బోరింగు దగ్గర కాళ్ళు కడుక్కుంటూ, "నాకు కొడుకుల్లేరబ్బాయ్. నా వంతొచ్చినప్పుడు ముందు బొంగు నీదే, మర్చిపోమాక," అని అరిచాడు. వీధి వీధంతా విన్నది.

బాపయ్య ఇంటి ముందు టెంటు కింద జనం నిలబడి ఉన్నారు. వీరబాబు వీధి మొదట్లోనే చెప్పులు విడిచాడు. జనం దారిచ్చారు. ఆ దారివ్వడంలో కోపం ఉందేమోనని ఒక్కొక్క మొహమే వెతుక్కుంటూ నడిచాడు. ఏమీ దొరకలేదు. దొరక్కపోవడమే ఇంకా భయపెట్టింది.

బాపయ్య భార్య పున్నమ్మ ఆయన్ని చూడగానే లేచి వచ్చి చొక్కా పట్టుకుంది.

"వచ్చావా అబ్బాయ్! నిన్నంతా నీకోసమే చూశాడయ్యా! ఒక్కసారి ఫోనెత్తితే పోయేదిగా!" అని ఆయన గుండెల మీద తల వేసి ఏడ్చింది.

కూతురు భవ్య తల్లిని విడిపించింది. ఒంగోలులో ఏదో కాలేజీలో పాఠాలు చెప్తుంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి గానీ గొంతు నిబ్బరంగా ఉంది. "కొరివి నేనే పెడతానన్నయ్యా. నువ్వు ముందు బొంగు పట్టు. నాన్న మాట అదేగా," అంది.

వీళ్ళకి తెలీదు. ఆ సంగతి అర్థమవగానే వీరబాబుకి ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది. రెండూ నిజమే, దేన్నీ దాచక్కర్లేదు.

పాడె లేచింది. ముందు కుడి బొంగు వీరబాబుది, ఎడమ బొంగు ఇమాం హుస్సేన్‌ది. ఇమాం హుస్సేన్‌దీ బాపయ్యదీ గట్టు పక్క గట్టు. నిన్న మోటారుసైకిలు మీద బాపయ్యని ఎక్కించుకుని బయల్దేరిందీ, సాయంత్రం స్టేషన్నుంచి ఇంటికి చేర్చిందీ ఆయనే. భవ్య నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచింది. డప్పులు మోగుతున్నాయి. పక్కూరి కళ్ళాల మీంచి వచ్చే మిరప ఘాటుకి మోసేవాళ్ళు దగ్గుతున్నారు. ఊరు దాటి చేలగట్టు రోడ్డెక్కాక ఇమాం హుస్సేన్ తల తిప్పకుండానే అన్నాడు.

"స్టేషన్లో రైటరు ఒక మాటన్నాడు బాబూ."

వీరబాబు అడుగు తడబడింది. పాడె కొంచెం ఒరిగింది. "ఏమని?"

"పైనుంచి ఫోనొచ్చింది, మా చేతుల్లో ఏం లేదు అన్నాడు. పైనుంచంటే ఎవరంటావు?"

తెలీక అడుగుతున్నాడా, తెలిసే అడుగుతున్నాడా? వీరబాబు ఓరగా చూశాడు. చెమటతో, దుమ్ముతో ఆ మొహంలో ఏదీ తెలియడం లేదు. "కనుక్కుంటా," అన్నాడు.

"కనుక్కోవాలి. నువ్వు గాక మాకెవరున్నారు." నాలుగడుగులు నడిచాక మళ్ళీ అన్నాడు. "ఆ రేకుల కింద నీకు ఫోన్ చేస్తానే ఉన్నాడు బాబూ. నువ్వెత్తలా. నాకు కోపమొచ్చి ఒక మాటన్నా. 'మంత్రిగారి పక్కన ఉంటాడు, ఎట్టా ఎత్తుతాడ్రా' అని నన్నే కసిరాడు. 'మావాడికి తెలిస్తే మీ తోలు తీస్తాడు' అని ఎస్సై మీద అరిచాడు. పోయేదాకా అదే మాట."

వీరబాబు ఇన్నేళ్ళలో ఎన్ని పాడెలు మోశాడో లెక్క లేదు. ఏదీ ఇంత బరువనిపించలేదు. బొంగు భుజంలోకి దిగుతున్నట్టుంది. ఇంకెంతో దూరం లేదు, కాలవ వంతెన దాటితే శ్మశానమే, మంట అంటుకుంటే అంతా అయిపోతుంది, అని తనకి తాను చెప్పుకుంటూ నడిచాడు.

కానీ వంతెన ఇవతలే దింపుడు కళ్ళం. అక్కడ పాడె నేల మీద దించి, ప్రాణం ఎక్కడన్నా మిగిలి ఉందేమోనన్న ఆశతో, పోయిన మనిషి చెవిలో అయినవాళ్ళు మూడుసార్లు పిలుస్తారు. ఎవరూ పలకరని అందరికీ తెలుసు. అయినా పిలుస్తారు, పిలిచాక ఒక్క క్షణం ఆగి చూస్తారు. ఆ క్షణంలో డప్పులు కూడా ఆపేస్తారు.

పాడె దించారు. భవ్య కుండ పట్టుకుని వీరబాబు వైపు తిరిగింది.

"నువ్వే పిలువన్నయ్యా. పిలిచి ఒక్క మాటివ్వు. నాన్నని అక్కడ కూర్చోబెట్టించింది ఎవరో కనుక్కుని వదలనని చెప్పు. అది విని పోతాడు."

"అవునండీ, చెప్పండి," అన్నారు వెనక నుంచి ఎవరో. చైతన్యకృష్ణ సెల్‌ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నాడు. మంచి మాట, మంచి సందర్భం. రేపీపాటికి ఊరూరా తిరుగుతుంది.

మాటివ్వడం వీరబాబుకి ఒక లెక్కా? రోడ్డుకీ, బోరుకీ, పింఛనుకీ మాటలిచ్చి బతికినవాడు. వంగాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తెల్లగుడ్డ మధ్య బాపయ్య మొహం చిన్నదైపోయి ఉంది. నోరు కొంచెం తెరుచుకుని, ఏదో అరవబోతున్నట్టుంది. వీరబాబు ఎడమ చెవి వైపు జరిగాడు. కావాలనే జరిగాడు. ఆ చెవిలో ఏం చెప్పినా చెప్పినట్టు కాదు కదా అని ఆయన మనసు ఎప్పుడు లెక్క కట్టిందో ఆయనకే తెలీదు.

"బాబాయ్," అన్నాడు మెల్లగా. "బాబాయ్..."

"అటు కాదన్నయ్యా!" అంది భవ్య. "ఆ చెవి వినపడదుగా నాన్నకి. నీకు తెలుసుగా. ఇటు రా."

జనంలో కొందరు అంత ఏడుపులోనూ చిన్నగా నవ్వారు. బాపయ్య చెవిటితనం మీద ఊరికి అంత ముద్దు. వీరబాబు లేచాడు. పాడె చుట్టూ తిరిగి కుడి వైపు కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ కూర్చున్నది ఇటు పక్కనే. అరుగు మీదైనా, ప్రచారం జీపులోనైనా, ఈ చెవికి నోరు ఆనించి ఎన్నెన్ని చెప్పాడో. ఓట్లు తక్కువ పడ్డాయని చెప్పాడు, తండ్రికి నయం కాదన్నారని చెప్పాడు. ఈ చెవిలో ఒక్క అబద్ధం చెప్పినట్టు గుర్తు లేదు. చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

డప్పులు ఆగి ఉన్నాయి. ఇమాం హుస్సేన్ ఆయన్నే చూస్తున్నాడు.

"బాబాయ్," అన్నాడు. "నిన్ను కూర్చోబెట్టించింది..."

బాపయ్యతో మాట్లాడేటప్పుడు వినపడలేదేమోనని గొంతు పెంచడం ఏళ్ళ నాటి అలవాటు. ఆ అలవాటు ఇప్పుడూ వదల్లేదు. గొంతు దానంతటదే లేచింది.

"నేనే బాబాయ్! ఎస్సైకి ఫోన్ చేసింది నేనే! నువ్వు చేస్తుంటే ఎత్తనిది కూడా తెలిసే! నేనే!"

కాలవ అవతలిదాకా వినపడింది. చైతన్యకృష్ణ చేతిలో ఫోన్ దిగిపోయింది. వెనకున్నవాళ్ళు ముందువాళ్ళని 'ఏమన్నాడు, ఏమన్నాడు' అని అడుగుతున్నారు. వీరబాబు మాత్రం ఆచారం ప్రకారం ఆ ఒక్క క్షణం ఆగి, బాపయ్య మొహం వంక చూశాడు. తిడతాడేమోనని, ఒరేయ్ అంటాడేమోనని, అందరికంటే ఎక్కువ ఆశగా చూశాడు. బాపయ్య పలకలేదు.

ఎవరో "కొట్టండ్రా వీణ్ణి!" అన్నారు. ఇమాం హుస్సేన్ చెయ్యెత్తి ఆపాడు.

భవ్య కదల్లేదు. కుండలోంచి పొగ మొహం మీదికి వస్తున్నా తుడుచుకోలేదు. కాసేపటికి కుండ కింద పెట్టి, వీరబాబు పక్కనే, ఆయనకి తగలకుండా ఒదిగి, తండ్రి కుడి చెవి దగ్గర వంగింది.

"నాన్నా!" అని పిలిచింది. మూడుసార్లు తనే పిలిచింది. లేచి కుండ ఎత్తుకుని, "లేపండి," అంది.

వీరబాబు అలవాటుగా ముందు బొంగు కోసం వంగాడు. అప్పటికే దాని కింద ఎవరో పొలం కూలీ చెయ్యి ఉంది.

"నువ్వాగు బాబూ," అన్నాడు ఇమాం హుస్సేన్. ఇప్పటికీ బాబూ అనే అన్నాడు.

డప్పులు మళ్ళీ మొదలయ్యాయి. జనం ఆయన్ని తాకకుండా రెండు పక్కల నుంచీ దాటుకుంటూ వెళ్ళారు. చైతన్యకృష్ణ ఆయన చెప్పులు పట్టుకుని పరిగెత్తుకొచ్చి, "సార్, కారు తిప్పమంటాను, ముందు ఇక్కణ్ణుంచి బయటపడదాం," అన్నాడు. వీరబాబు వినలేదు. కాలుతున్న రోడ్డు మీద ఒట్టి కాళ్ళతో నిలబడి, చేత్తో భుజం తడుముకుంటూ, వంతెన ఎక్కుతున్న పాడెనే చూస్తున్నాడు. ఇన్నేళ్ళూ దాని కిందే నడిచాడు తప్ప, అది తనని వదిలేసి వెళ్ళిపోతుంటే వెనక నుంచి ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు.