గడ్డీ దూదీ

పరుపులాయన గడ్డిమోపు విప్పుతున్నాడు. ముడి బిగుసుకుపోయి ఓ పట్టాన రాలేదు. పెరటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్న అత్తగారు గోడవైపు తిరిగి, "కత్తెర అనేది ఒకటుంటుంది లోకంలో" అంది.

ఆమె గోడతో మాట్లాడటానికి కారణముంది. పెళ్లిమాటలప్పుడు, "దూదిలో పెట్టి పెంచుకున్న పిల్లని దూదివాడికిస్తానా?" అని మొండికేసింది. పిల్ల వినలేదు. అప్పటినుంచి అల్లుడితో నేరుగా మాట్లాడితే ఒట్టు. "ఆయన్ని అన్నానికి రమ్మను" అని కూతురితోనే చెప్పించేది. కంటి ఆపరేషన్ కోసం వచ్చి ఇన్నాళ్లున్నా అదే వరస. ఇవాళ సాయంత్రం బస్సుకి వెళ్లిపోతోంది. కూతురు ఆసుపత్రిలో నర్సు, పగటి డ్యూటీకి పోయింది. అందుకని గోడకి పని పడింది.

పోతూ పోతూ కూతురు ఇద్దరికీ ఒక పని అప్పగించింది. పుట్టగొడుగుల విత్తనం నిన్ననే వచ్చింది. ఉడికించిన గింజలకి తెల్లటి బూజు పట్టించిన పొట్లం అది. ఈ ఎండలకి రేపటిదాకా ఆగదు, ఇవాళే ఉడికించిన గడ్డిలో చల్లి సంచులకెత్తాలి. కిందటిసారి వడ్రంగి ఇచ్చిన రంపపుపొట్టులో వేస్తే పచ్చబూజు కమ్మేసి వీధంతా కంపుకొట్టింది. అది ప్లైవుడ్ జిగురు కలిసిన పొట్టు అని తర్వాత తెలిసింది. ఈసారీ పాడైతే మళ్లీ ఆ మాటే ఎత్తనని కూతురు చిన్నబుచ్చుకుంది. భార్య మొహం అలా ఉంటే అతనికి ముద్ద దిగదు.

ఆ వీధిలో సగం నడుములు వాలేది అతను కుట్టిన పరుపులమీదే. కనుబొమల్లో ఎప్పుడూ దూది నూగు ఉంటుంది, తుడుచుకున్నా పోదు. స్పాంజి పరుపులొచ్చాక పని తగ్గింది. పగలు కొట్లో పరుపుమీద కునికిపాట్లు పడుతూ, ఎవరైనా చూస్తే, "సరుకు నాణ్యత చూడొద్దూ!" అంటాడు.

మోపు విచ్చుకుంది. లోపలంతా నల్లగా ఉంది. అత్తగారు ఒక పరక లాగి వాసన చూసింది.

"ముక్కిపోయింది. పైపైన నాలుగు గుప్పిళ్లు పనికొస్తుందేమో. అది ఏ మూలకి?" అని గోడకి చెప్పింది.

అతనూ గోడవైపే తిరిగాడు. "కొట్లో తుక్కుదూది ఉంది. పోగు పొట్టిది, పరుపులకి పనికిరాదు."

"దూదిలో పుట్టగొడుగులా! వింటున్నావా, గోడా?"

"దూదీ చెట్టుకి కాసిందేగా. తడి బాగా పట్టుకుంటుంది."

"పట్టుకుని ముద్దయి కూర్చుంటుంది. లోపల గాలాడొద్దూ?"

అదీ నిజమే. తడిసిన దూది ఎంత మొండిగా గడ్డకడుతుందో అతనికన్నా ఎవరికి తెలుసు? అతను తల గోక్కున్నాడు. ఆమె చేతిలోని పరకని కాసేపు తిప్పి చూసింది.

"ఉన్న మంచిగడ్డిని ముక్కలు చేసి దూదిలో కలిపితే?"

"గోడ ఒప్పుకుంది" అన్నాడతను. ఆమె నవ్వు పెదవుల దగ్గరే పట్టి ఆపింది.

అతను కొట్టునుంచి గోనెసంచి భుజాన వేసుకొచ్చి, ఉండలన్నీ విడిపోయేదాకా దూదిని వేళ్లతో విదిల్చాడు. ఆమె జారుతున్న జుట్టుముడిని నల్లటి తలపిన్నుతో బిగించుకుని గడ్డి కత్తిరించింది. రెండూ కలిపి పెద్ద గంగాళంలో ఉడికించారు. దించి నీళ్లు వంచబోతుంటే పట్టుకున్న గుడ్డ జారింది.

"అల్లుడూ! వదిలెయ్! చేతులు!"

వదిలేశాడు. వేణ్ణీళ్లు పొగలు కక్కుతూ ఇటుకలమీదుగా కాలవలోకి పోయాయి. చేతులకేం కాలేదు. దూదీ గడ్డీ గంగాళానికే అతుక్కుని ఉండిపోయాయి.

"ఏమన్నారత్తయ్యా?"

"వదిలెయ్ అన్నాను."

"దానికి ముందు?"

"చెవుడు కూడానా? అల్లుడూ అన్నాను. అల్లుడివి కాదూ మరి?"

అతను తడి ఇటుకలమీదే చతికిలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నన్ను నవ్వించకు నాయనా, కళ్లు తడవకూడదన్నాడు డాక్టరు!"

ఆ తర్వాత గోడని ఎవరూ పట్టించుకోలేదు. చల్లారిన మిశ్రమాన్ని గుప్పిట్లో పిండి చూశారు. చుక్క రాలాలి, ధార కట్టకూడదు. సంచుల్లో వరసకో చారెడు విత్తనం చల్లుతూ అతను నింపాడు, ఆమె మూతులు బిగించి కట్టింది. కూతురు చిన్నప్పుడు ఎంత పెంకిదో చెబుతుంటే అతను మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకున్నాడు.

కూతురు డ్యూటీ దిగి వచ్చి, అలవాటుకొద్దీ, "అమ్మా, బస్సుకి టైమవుతోందని ఆయన..." అని మొదలుపెట్టింది.

"చెప్పాడులే. మా మాటల మధ్య నువ్వెందుకు? వెళ్లి మొహం కడుక్కో."

కూతురు చేతిసంచి దించడం కూడా మర్చిపోయి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

బస్సు కదిలేముందు ఆమె కిటికీలోంచి తల బయటపెట్టింది. "అల్లుడూ, నీ పరుపుమీద పడుకున్నాక నా నడుంనొప్పి పోయింది. వచ్చిన వారానికే పోయింది. చెప్పడానికి నోరు రాలేదు."

అతను చెయ్యి ఊపాడు. బస్సు కదిలి మలుపు తిరిగింది.

ఇంటికొచ్చాక, సంచులకి గాలిబెజ్జాలు పెట్టలేదని గుర్తొచ్చి, వాటిని పెట్టిన చీకటిగదిలోకి పరుగెత్తాడు. దీపం వేసి చూస్తే అన్నిటికీ బెజ్జాలున్నాయి, పరుపుమీద కుట్లంత వరసగా. చివరి సంచికి, చివరి బెజ్జంలో, ఓ నల్లటి తలపిన్ను గుచ్చినది గుచ్చినట్టే ఉంది.