ఇంటిపట్టునే ఉంటనండి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. ఈ మూడు పట్టణాల్లో ఏ బడి ఎట్లాంటిదో, ఏ వాడలో నల్లా ఎప్పుడొస్తుందో చెప్పడంలో నన్ను మించినవాడు మా చివ్వెంల మండలం చుట్టుపక్కల ఇంకా పుట్టలేదు. మా పక్కింటి సంతోషి ముగ్గురు పిల్లలకు బడులు వెతికింది నేనే, ఆ కాపురానికి ఇల్లు చూసిందీ నేనే. నా తలపాగా గేటు దాటగానే మిర్యాలగూడలో ఒక ప్రిన్సిపాలు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఐదో తరగతితో బడికి దండం పెట్టిన ఈ సత్తయ్యకు అంత మర్యాద ఎట్లా దొరికిందని మీకు అనుమానం రావచ్చు. అది దారిలో చెప్తాను.

ఒక ఆదివారం అన్నం దగ్గర మొదలైంది ఇదంతా. సంతోషి పప్పు వడ్డిస్తోంది. ఆమె మొగుడు గోవర్ధన్ కోదాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ స్టోరు చూస్తాడు, రోజూ బస్సులో పోయివస్తాడు. తలెత్తకుండానే అన్నాడు.

"ఈ ఎండలు పోయేసరికి ఊరు మారాలె. నిఖిత తొమ్మిదికొచ్చె, రాహుల్ ఆరుకొచ్చె, చందుగాన్ని ఒకటిల ఎయ్యాలె. గీ ఊళ్ళె బడి ఏడుతోటి ఖతమాయె, పెద్దపిల్ల ఆటో కోసం రోడ్డుమీద నిలబడుడాయె. సూర్యాపేట సూడు, కోదాడ సూడు, మిర్యాలగూడల అక్క ఉండనే ఉన్నది. పిల్లలకు ఏది మంచిగుంటే గాడికే పోదం. నాకు లీవు దొరకది, నువ్వే తిరిగిరా."

సంతోషి సరేనంది. ఆయన ముగ్గురు పిల్లల తరగతులూ చెప్పాడు, తన కాలేజీని పేరెత్తకుండానే లెక్కలో వేసుకున్నాడు, అక్క ఇంటిని గుర్తు చేశాడు. ఆ మాటల్లో ఎక్కడన్నా తన కొలువు ప్రస్తావన వస్తుందేమోనని ఆమె ఆయన చెయ్యి కడుక్కునే దాకా చూసింది. ఆమె ఆ ఊరి అంగన్‌వాడీ టీచర్. చందు పుట్టకముందు నుంచీ. ఊరి కోడళ్ళకే ఇచ్చే పోస్టు అది; ఈ ఊరికి కోడలై నువ్వేం సంపాదించావని ఎవరన్నా అడిగితే ఆమె చూపించగలిగింది అదొక్కటే. పొద్దున తాళం తీసేసరికి గుమ్మం ముందు చిన్న చిన్న చెప్పులు, కుడిది ఎడమకు, ఎడమది కుడికి. తూకం ఉయ్యాలలో కూర్చోబెట్టగానే గుక్కపెట్టే పిల్లలు. కడుపుతో ఉన్న ఆడవాళ్ళు గుడ్డు తినేదాకా ఆమె వాళ్ళ పక్కనుంచి లేవదు. ఇంటికి పట్టుకుపోతే ఆ గుడ్డు ఎవరి కంచంలోకి పోతుందో ఆమెకు తెలుసు. ఆ గదిలో ఆమె అన్నదే మాట. గోవర్ధన్ దాన్ని గుడ్లు పంచే కొలువు అంటాడు. చెడ్డగా ఏం అనడు, నవ్వుతూ అంటాడు. నవ్వుతూ అన్నదానికి కోపం తెచ్చుకుంటే తానే చెడ్డదవుతుంది కనుక ఆమె కూడా నవ్వుతుంది. మిర్యాలగూడ అయినా కోదాడ అయినా ఆ కొలువు పోయినట్టే. సూర్యాపేట అయితే పోదు. పొద్దున బస్సెక్కితే తొమ్మిదికల్లా వచ్చి తాళం తీయొచ్చు. సూపర్‌వైజరు మేడం కూడా, "నువ్వు టైముకు తాళం తియ్యి, నాకేం పరేషాన్ లేదు" అంది. అంటే సంతోషి ముందే అడిగి పెట్టుకుంది. ఇంట్లో మాత్రం చెప్పలేదు. చెప్తే, పిల్లల చదువుల కంటే దీనికి గుడ్లే ఎక్కువైనయి అంటారు.

అత్త ఆండాలు గడపలో కూర్చుని అంది: "ఒక్క ఆడమనిషి పోయి ఇల్లు అడిగితే ఎవలిస్తరే? మొగుడు ఇడిసిండేమో అనుకుంటరు. సత్తన్నను ఎంట తీస్కపో. ముసలోడైతేంది, మొగమనిషేనాయె."

అట్లా నేను బయల్దేరాను. బస్సులో సంతోషి ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్ళకు ఫ్రీగా ఇచ్చే జీరో టికెట్ తీసుకుంది, నాకు మాత్రం పైసలు పెట్టి కొనాల్సి వచ్చింది. "తాతా, నీ మొగతనం ఖర్సుతోటి కూడుకున్నది" అంది నవ్వుతూ.

మొదట మిర్యాలగూడ. గోవర్ధన్ అక్క విజయ మమ్మల్ని వీధి మొదట్లోనే పట్టుకుంది. ఆ వీధిలో ఒక ఇల్లు ఖాళీ ఉంది, గోడ పక్కనే.

"గీడికొస్తె మంచిగుంటది సంతోషీ. నేను షాపుల కూసుంటనాయె, పొద్దంత నువ్వుంటవు. మా పిల్లలు బడినుంచి రాంగనే నీ దగ్గర్నే ఇంత తింటరు. నీకు గూడ పొద్దుపోతది."

"అవు వదినె" అంది సంతోషి. అయిదుగురు పిల్లలు, రెండు కుటుంబాలు, ఒకటే పొయ్యి. వదినె ఇల్లు చూపించలేదు, పని చూపించింది అనుకుంది లోపల.

బడిలో ప్రిన్సిపాలు సంగతి ఇక చెప్పేస్తాను. ఆయన లేచి నిలబడ్డ మాట నిజమే, నా వెనక గోడమీద ఉన్న ఫ్యాన్ స్విచ్చు వేయడానికి. తర్వాత కూర్చుని, "ఫాదర్ రాలేదా?" అని అడిగాడు. రాలేదని సంతోషి చెప్పింది. ఇక ఆ గంటసేపూ ఐఐటీ ఫౌండేషనూ, వీకెండ్ టెస్టులూ, ర్యాంకులూ అన్నీ నా మీసాల వంక చూస్తూ వివరించాడు. నేను "మంచిదే, మంచిదే" అన్నాను. ఆడపిల్లల బాత్రూములకు గడియలున్నాయా అని సంతోషి అడిగితే, ఉన్నాయని నాకు జవాబు చెప్పాడు. పిల్లలందరూ దిగిపోయాక వ్యాన్‌లో చివరిదాకా ఉండే ఆడపిల్లతో ఎవరుంటారని ఆమె అడిగితే, "చూశారా పెద్దాయనా, మదర్స్‌కు అన్నీ భయాలే" అన్నాడు. ఇదీ నేను బడులు వెతికిన వైభోగం. తిరిగిందీ అడిగిందీ ఆమె, నేను మధ్యలో రెండుసార్లు కునుకు తీశాను.

తర్వాత సూర్యాపేట పోయాం. అక్కడ ఆమె నడకే మారిపోయింది, నేను వెనకపడ్డాను. బస్టాండుకు కొంచెం దూరంలో ఒక పాత బడి. పెద్ద పేరేమీ లేదు, గోడల నిండా ర్యాంకుల ఫొటోలూ లేవు. కానీ ముగ్గురూ ఒకే ఆవరణలో ఉంటారు, ఒకే గంటకు బయటికొస్తారు. ఆ పక్క వీధిలోనే మేడమీద రెండు గదుల ఇల్లు. సంతోషి వంటింట్లోకి పోయి చాలాసేపు నిలబడింది. పొయ్యి ఎక్కడ పెడుతుందో, ముగ్గురి టిఫిన్ డబ్బాలు ఏ గట్టుమీద సర్దుతుందో, చందు షూ లేసులు కట్టి ఆ మెట్లు దిగి ఎడమకు తిరిగితే ఏ బస్సు దొరుకుతుందో అన్నీ ఆమెకు అక్కడే కనబడ్డాయి. పెళ్ళయిన తర్వాత ఏ ఇంట్లోనైనా తన పేరు మీద ఒక పొద్దుటిపూటను ఊహించుకోవడం అదే మొదలు. ఇంటి ఓనరును రెండు రోజులు ఎవరికీ ఇవ్వొద్దని బతిమాలింది.

ఆ సాయంత్రం చెప్పింది: "సూర్యాపేటది మంచిగున్నది. ముగ్గురు ఒక్క బడిల్నే ఉంటరు."

"సరే. కోదాడ గూడ ఒక్కసారి సూసిరా. సూస్తె పోయేదేమున్నది?" అన్నాడు గోవర్ధన్.

నిజమే కదా, చూస్తే పోయేదేముంది. అందుకే ఆమె కోదాడకు తేలిగ్గా వచ్చింది, అక్కరలేని చీరను దుకాణంలో విప్పించి చూసినట్టు. గోవర్ధన్ కాలేజీకి దగ్గర్లోనే రేణుకమ్మ అనే ఆవిడ అద్దెకిచ్చే ఇల్లు. వెడల్పు వరండా, వేపచెట్టు నీడ. రేణుకమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ లేచి వచ్చి, నాకు మజ్జిగ ఇచ్చి, సంతోషికి పక్కన చోటు చూపించింది. మేం తిరిగిన మూడు ఊళ్ళలో ఆమెను కూర్చోమన్నది ఈవిడ ఒక్కతే.

"ఇద్దరూ ఉద్యోగాలకి పోతారా అమ్మా? ఇంతకుముందున్నవాళ్ళు ఇద్దరూ పొద్దున్నే తాళం వేసుకుని పోయేవాళ్ళు. నీళ్ళు పదకొండింటికి వస్తాయి. సంపులో పైపు పెట్టే దిక్కులేక ఈ కాళ్ళతో నేను చచ్చాననుకో. నువ్వు ఇంటిపట్టున ఉంటావా?"

"ఉంటనండి. ఇంటిపట్టునే ఉంటనండి" అంది సంతోషి.

ఎందుకంది? తర్వాత ఎన్నోసార్లు ఆమె ఈ చోటికే వచ్చి ఆగింది. ఆ ఇల్లు తీసుకునే ఆలోచన ఆమెకు లేదు. నాకు కొలువుంది, మా ఊళ్ళో పిల్లలు నాకోసం చూస్తుంటారు అని చెప్తే అయిపోయేది. కానీ ఎదురుగా ఒక పెద్దావిడ మోకాళ్ళు నొక్కుకుంటూ, ప్రేమగా, అవును అనే మాట కోసం చూస్తోంది. ఆకలి దంచుతున్నా ఎవరింట్లోనైనా అన్నం తింటావా అని అడిగితే ఇప్పుడే తిని వచ్చినం అంటామే, అట్లా వచ్చింది ఆ మాట. అత్తగారింట్లో అడుగుపెట్టిన నాటి నుంచి ఎదుటివాళ్ళకు నచ్చే జవాబే నోటికి ముందు వస్తుంది. తనది తర్వాత ఎప్పుడో, గిన్నెలు తోముతున్నప్పుడు వస్తుంది.

"బంగారంలాంటి పిల్లవి" అంది రేణుకమ్మ. "మీ ఆయన నంబరివ్వు, కాలేజీ ఇక్కడేగా, నేను మాట్లాడుకుంటాను."

సంతోషి నంబరిచ్చింది. ఇల్లు మాట్లాడేది మొగవాళ్ళతోనే కదా, ఎట్లాగూ సాయంత్రం తాను సూర్యాపేట అని చెప్పేస్తుంది కదా అనుకుంది.

మేం ఆలస్యంగా ఊరికి చేరి బస్సు దిగేసరికి గోవర్ధన్ ముందు బస్సుకే వచ్చి స్టేజీ దగ్గర నిలబడి ఉన్నాడు. పిల్లలకు మిఠాయి డబ్బా ఒకటి చేతిలో. ముఖం వెలిగిపోతోంది.

"అడ్వాన్స్ ఇచ్చేసిన! రేణుకమ్మ ఫోన్ చేసింది. నువ్వే అన్నవట గద, కొలువు ఇడిసి ఇంటికాడ ఉంటనని. ఇన్ని దినాలు నీకెట్ల చెప్పాల్నా అని నేను పరేషాన్ల ఉంటి. అడిగితే ఏడుస్తవేమో అనుకున్న. నా బాధ నువ్వే తీసేస్తివి."

"కొలువు ఇడుస్తనని నేను ఎన్నడన్న? ఊరికెనే ఉంటనన్న ఆమెతోని."

"ఊరికెనే అంటరా ఎవలన్న? ఆమె ఎంత సంబురపడ్డదో. ఇగ మాట మారిస్తె నా ఇజ్జత్ ఏమున్నది? పోనీ తియ్యి, గుడ్లు పంచుడేనాయె."

ఆయన తిట్టి ఉంటే ఆమె తిరగబడేదేమో. మెచ్చుకున్నాడు. ఇంట్లోకి పోయి తల్లితో, "సంతోషే ఒప్పుకుంది, నేను ఒక్కమాట అనలే" అని గర్వంగా చెప్పాడు. ఆండాలు ముఖం కూడా మెత్తబడింది: "పిల్లల కోసం తల్లి గామాత్రం ఇడవాలె బిడ్డా." తన నోటినుంచి వచ్చిన మాట అది. దాన్ని వెనక్కి లాగబోతే ముగ్గురు పిల్లల చదువూ, మొగుడి ఇజ్జతూ, ఒక ముసలమ్మ మోకాళ్ళూ అన్నీ దానితో పాటే ఊడి వచ్చేటట్టున్నాయి. సూర్యాపేట ఇంటి ఓనరు ఫోన్ చేస్తే ఎత్తలేకపోయింది. రెండోసారి మోగినప్పుడు రాహుల్ ఎత్తి, "మా అమ్మ లేదు" అన్నాడు. వాడు ఆ మాట ఆమె చెప్పమంటేనే చెప్పాడు.

అంగన్‌వాడీ తాళం ఆయాకు ఇచ్చిన రోజు ఆమె తూకం ఉయ్యాల దుమ్ము దులిపి, మడిచి, మేకుకు తగిలించి వచ్చింది. ఆ పోస్టు ఇంకో ఇంటి కోడలికి వచ్చింది. మంచి పిల్లే, పనిమంతురాలే.

కోదాడలో ముగ్గురికీ ఒక్క బడి కుదరలేదు. నిఖితను ఆడపిల్లల హైస్కూల్లో, రాహుల్‌ను తండ్రి కాలేజీలో ఎవరో చెప్పిన కోచింగ్ బడిలో, చందును వీధి చివర బడిలో వేశారు. మూడు వ్యాన్లు, మూడు వేళలు. ఒకరు వ్యానెక్కేసరికి ఇంకొకరి డబ్బా మూత పెట్టాలి. పదకొండింటికి సంపులో పైపు. మొదట రేణుకమ్మ సంపు ఒక్కటే. తర్వాత వెనక వాటాలో ఉండే బ్యాంకావిడ తాళంచెవి ఇచ్చిపోయింది, గ్యాస్ బండ వస్తే దింపించమని. ఎదురింటివాళ్ళ పార్శిళ్ళు, మేడమీద వాళ్ళ పాలప్యాకెట్లు, పక్కింటి పిల్లాడికి జ్వరమైతే మధ్యాహ్నం దాకా కాపలా. అందరూ మంచివాళ్ళే, అందరిదీ ఒకటే మాట: "సంతోషి ఇంట్లోనే ఉంటుందిగా." ఒకరోజు గోవర్ధన్ కాలేజీ నుంచి వచ్చి, మంచం మీద వాలి, చల్లగా అడిగాడు: "పొద్దంత ఏం జేస్తవే ఇంట్ల, బోర్ కొట్టదా?" జవాబు కోసం ఆగకుండానే ఆయన టీవీ పెట్టాడు.

మొన్న నేను మోకాళ్ళ మందుకు కోదాడ పోయి, వాళ్ళింట్లో దిగాను. ఎండ తగ్గాక డాబామీద కుర్చీ వేసి కూర్చోబెట్టారు నన్ను. తల్లీ కూతురూ తీగమీది దుప్పట్లు తీస్తున్నారు. నిఖిత తల్లి ఎత్తు వచ్చింది. దుప్పటి ఒక కొస తాను పట్టుకుని, రెండో కొస తల్లికిచ్చి, ఉన్నట్టుండి అంది:

"అమ్మా, మూడూళ్ళు తిరిగినవు గద. నిన్నడిగితే నువ్వు ఏ ఊరు అంటుంటివి?"

సంతోషి నోట్లో పట్టుకున్న క్లిప్పు తీసి కొంగుకు పెట్టుకుంది.

"సూర్యాపేట" అంది. "గా వంటింట్ల కిటికి ఉండె బిడ్డా. మెట్లు దిగి ఎడమకు తిరిగితె బస్సు దొరుకుతుండె."

అంతే. ఆ పిల్ల దగ్గరికి వచ్చి దుప్పటి రెండు కొసలూ కలిపి తల్లి చేతిలో పెట్టింది.

ఇందులో ఒక్క సంగతి నా సొంతం. నిఖిత ఏమీ అడగలేదు. వర్షం వచ్చేట్టుందని, తొందరగా దుప్పట్లు మడిచి కిందికి దిగిపోయింది. ఆ ప్రశ్న నేను కల్పించాను, ఎందుకంటే ఈ కథలో ఆ ప్రశ్న అడిగినవాళ్ళు ఎవరూ లేరు. సూర్యాపేట అన్న జవాబును మాత్రం నేను కల్పించలేదు. తీగ ఖాళీ అయ్యాక, ఎవరూ అడక్కుండానే, బస్సు పోయే రోడ్డు వైపు తిరిగి సంతోషి దాన్ని చిన్నగా అంది.