రాహేలమ్మ చేలో వెలగని లైటు

ఆత్మకూరు దగ్గరి ఆ ఊళ్ళో ఒకే బోరు కింద ఐదు వేరుశనగ చేలుండేవి. 2007లో ఇంజనీరింగు కాలేజీ నుంచి వసంతకుమార్ సారు వచ్చి, చేనికొక పెట్టెను కర్రకు బిగించాడు. ఏ చేనికి ఏ రోజు నీళ్ళో బడిగదిలోని కంప్యూటరు చెబుతుంది. ఆ మాట ఒక పెట్టె నుంచి పక్క పెట్టెకు గాలిలో పోతుంది. వంతు వచ్చిన చేలో పచ్చలైటు వెలుగుతుంది. లైటు వెలగనిదే వాల్వు తిప్పకూడదని బోరు పెద్ద రంగన్న అందరిచేతా ఒట్టు వేయించాడు.

రాహేలమ్మ చేను చివరిది. పదకొండు రోజులుగా ఆమె లైటు వెలగలేదు. పూత రాలి, కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే సమయం. ఇంకో రెండు రోజులు తడి లేకపోతే కాయ ఉండదు.

“అన్నా, ఆకు మాడిపోతాండాది. ఒక్క తడి ఇయ్యి,” అని రంగన్నను అడిగింది.

“నీ భూమిలో తేమ ఉండాదేమో రాహేలమ్మా. మిషన్‌కు నీ మీద పగ ఉంటాదా?”

“నా కండ్లకుండాదా మరి?”

ఒట్టు ఒట్టేనన్నాడు రంగన్న. కానీ ఆ పూట అతనికి అన్నం సహించలేదు. మరునాడు వసంతకుమార్‌ను పిలిపించాడు.

వసంతకుమార్ చేల వెంట నడిచివచ్చి రాహేలమ్మ చేనికి ముందున్న రంగన్న చేలో, పెట్టె ముందు ఆగాడు. దాని మీద సున్నపు బొట్లు పెట్టిన నూనె రేకుడబ్బా బోర్లించి ఉంది.

“ఇదేంది పెద్దాయనా?”

“దారిన పోయేటోళ్ళంతా చూస్తాండారు సార్. దిష్టి తగుల్తాదని కప్పినా. తెల్లారి ఎత్తి, కర్పూరం వెలిగించి, లైటు చూసుకొని మళ్ళీ మూస్తా.”

“మీ పెట్టె తెల్లారి వింటుంది. పదిగంటలకు రాహేలమ్మ పెట్టెకు చెబుతుంది. రేకు దాటి మాట పోదు. అదేమో చెప్పేశాననుకుంటోంది.”

“నీ పెట్టెకు దిష్టి తగల్లేదులే అన్నా,” అంది రాహేలమ్మ. “నా చేనికి తగిలింది.”

పక్క పెట్టె ‘అందింది’ అని జవాబిచ్చేదాకా చెప్పిందే చెప్పేలా మారుస్తానన్నాడు వసంతకుమార్. రంగన్న ఆలోచనలో పడ్డాడు. ఇరవై ఏళ్ళుగా తాను రోజూ దేవుడికి దండం పెట్టుకుంటున్నాడు. అందిందని జవాబు ఎన్నడూ రాలేదు. వచ్చినా తానే మూత వేసుకొని కూర్చున్నాడేమో, ఎవరికి తెలుసు?

ఆ రోజు లైటు రంగన్న చేలోనే వెలుగుతోంది. ఒట్టు తప్పుతున్నందుకు చెంపలు వేసుకొని, వాల్వు రాహేలమ్మ వైపు తిప్పాడు.

“నీళ్ళు అందినాయా?” అని గట్టు మీద నుంచి కేకేశాడు.

“ఇంకా లేదన్నా.”

కాసేపాగి మళ్ళీ అడిగాడు.

“మొదటి సాలుకొచ్చినాయి. ఇంక పో, ఎండలో యాడుంటావు?”

“కడసాలు దాకా ఈడ్నే ఉంటా,” అని రంగన్న గట్టు మీద కూర్చున్నాడు.